ముగ్గురు, ఒకటి: త్రిత్వం లెక్క ఎక్కడ తేలుతుంది, ఎక్కడ చిక్కుపడుతుంది

నీకయ సభ జరిగి 1700 ఏళ్లు నిండిన సందర్భంగా 2025 నవంబరులో పోప్ 14వ లియో, కాన్‌స్టాంటినోపుల్ పేట్రియార్క్ బర్తొలొమయి తుర్కియేలోని ఇజ్నిక్‌లో కలిసి ప్రార్థన చేశారు. సరస్సు ఒడ్డున ఉన్న చిన్న ఊరది. పాతకాలపు నీకయ అదే. 325లో చక్రవర్తి కాన్‌స్టాంటైన్ పిలిస్తే వచ్చిన బిషప్పులు అక్కడ ఒక విశ్వాస ప్రమాణం రాశారు. యేసు దేవుడా, దేవుడు చేసిన వాళ్లలో మొదటివాడా అన్నది వాళ్ల ముందున్న ప్రశ్న.

ఆ ప్రశ్న మీద, దాని నుంచి పుట్టిన త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురైనా దైవం ఒకటే అనే సిద్ధాంతం) మీద తెలుగులో యూట్యూబ్ వాగ్వాదాలకు ఈనాటికీ కొదవ లేదు. అవి చాలావరకు ఒకే చోట ఆగిపోతాయి. ఒకాయన "1+1+1=3 కదా, ఒకటెలా అవుతుంది?" అంటాడు. ఇంకొకాయన "1×1×1=1" అని జవాబిస్తాడు. చప్పట్లు పడతాయి కానీ విషయం తేలదు. ఎందుకు కూడకుండా గుణించాలో ఆ జవాబులో లేదు. అసలు ఆ మూడు ఒకట్లూ దేన్ని లెక్కపెడుతున్నాయో ఇద్దరూ చెప్పరు.

తెలుగు అంకెల్లోనే ఉన్న తేడా

పెళ్లికి ఎంతమంది వచ్చారంటే "ముగ్గురు" అంటాం, "మూడు" అనం. సంచిలో ఎన్ని కాయలున్నాయంటే "మూడు" అంటాం, "ముగ్గురు" అనం. ఒకరు, ఒకటి కూడా అంతే. మనుషులను లెక్కపెట్టే అంకె వేరు, వస్తువులను లెక్కపెట్టే అంకె వేరు. త్రిత్వ సిద్ధాంతాన్ని ఈ తేడాతో చెప్పుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

"ఎవరు?" అని అడిగితే ముగ్గురు: తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ. "ఏమిటి?" అని అడిగితే ఒకటి: దైవత్వం. "ముగ్గురు ఒకరు" అని సిద్ధాంతం అనడం లేదు. అలా అని ఉంటే అది పచ్చి వైరుధ్యమే అయ్యేది. "ముగ్గురు ఒకటి" అంటోంది. ఇది నిజమో కాదో వేరే సంగతి. కనీసం మొదటి వాక్యంలోనే తనను తాను కొట్టేసుకునే మాట మాత్రం కాదు.

యోహాను సువార్త 10:30లో "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్న చోట గ్రీకు మూలంలో ఉన్నది "హెన్", అంటే "ఒకటి". "ఒకడు" అనడానికి "హైస్" అనే వేరే రూపం ఉంది, అది అక్కడ లేదు. త్రిత్వవాదులు దీన్ని గట్టి ఆధారంగా చూపుతారు. అయితే అదే సువార్త 17:22లో శిష్యులు కూడా "ఏకమై యుండవలెనని" యేసు ప్రార్థిస్తాడు. అక్కడా అదే "హెన్". శిష్యులందరూ ఒకే తత్త్వం కాదు కదా, ఇది మనసు కలవడం గురించిన మాటే అని అవతలి పక్షం అంటుంది. ఒక్క వచనంతో ఈ వాదం ముగియకపోవడానికి ఇదొక నమూనా.

ఏ ముక్కలను కలపాల్సి వచ్చింది

"త్రిత్వం" అనే మాట బైబిల్లో లేదు. ఇందులో రహస్యమేమీ లేదు. గ్రీకులో "త్రియాస్" అన్న పదం రెండో శతాబ్దం చివర్లో అంతియొకయ బిషప్పు థియోఫిలస్ రాతల్లోనూ, లాటిన్‌లో "త్రినితాస్" మూడో శతాబ్దం మొదట్లో టెర్టులియన్ రాతల్లోనూ కనిపిస్తాయి. పేరు తరవాత వచ్చింది, సమస్య ముందే ఉంది.

సమస్య ఇది. "మన దేవుడైన యెహోవా అద్వితీయుడగు యెహోవా" అని ద్వితీయోపదేశ కాండం 6:4. ఆ మాటను రోజూ చదువుకునే యూదుల మధ్య పుట్టిన సంఘం యేసుకు ప్రార్థించడం మొదలుపెట్టింది. "వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను" అని యోహాను సువార్త మొదటి వాక్యం. "వాక్యము" అంటే ఇక్కడ యేసే. "యొద్ద" అంటే ఇద్దరున్నారు, "దేవుడై" అంటే ఒకటే. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని మూడు పేర్లు చెప్పి "నామములోనికి" అని ఏకవచనం వాడారు. వీటిలో ఏ ఒక్కదాన్ని వదిలేసినా లెక్క సులువే. వదలకూడదనుకోవడం వల్లే చిక్కు వచ్చింది.

వదిలేసి సులువు చేసిన దారులు మొదటే రెండు పుట్టాయి. ఒకే దేవుడు ఒకసారి తండ్రిగా, ఇంకోసారి కుమారుడిగా కనిపించాడన్నది సబెల్లియస్ పేరు మీద నడిచిన దారి. అందులో ముగ్గురు పోయి మూడు వేషాలు మిగులుతాయి. మరి సిలువకు ముందు గెత్సేమనే తోటలో యేసు "తండ్రీ" అని ఎవరికి ప్రార్థించాడు? రెండోది ఆరియస్ దారి.

చేశాడా, కన్నాడా

ఆరియస్ ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఒక ప్రెస్బిటర్, అంటే బిషప్పు కింద పనిచేసే సంఘ పెద్ద. అతణ్ని ప్రతినాయకుడిగా చూపడం అలవాటైపోయింది కానీ అతని వాదం బలహీనమైనది కాదు. కుమారుడు తండ్రి వల్ల కలిగాడని మీరే అంటున్నారు, కలిగాడంటే కలగకముందు అంటూ ఒకటి ఉండాలి, కాబట్టి "ఆయన లేని కాలం ఒకటి ఉండేది" అన్నాడు. లేఖనం కూడా చూపించాడు. సామెతలు 8:22లో జ్ఞానం మాట్లాడుతూ, మన తెలుగు బైబిల్ ప్రకారం, "యెహోవా నన్ను కలుగజేసెను" అంటుంది. ఆ జ్ఞానం కుమారుడేనని రెండు పక్షాలూ అనుకునేవి. హీబ్రూలో అక్కడున్న "కానా" అనే క్రియకు సంపాదించుకొను, కలిగియుండు, కలుగజేయు అనే అర్థాలన్నీ ఉన్నాయి. ఆ కాలపు సంఘం చదివిన గ్రీకు అనువాదం "సృష్టించెను" అనే వేసింది. లాటిన్ అనువాదమైన వుల్గాతా "కలిగియుండెను" అంది. ఎవరి బైబిల్ వారి చేతికి ఆయుధం ఇచ్చింది.

నీకయ సభ ఇచ్చిన జవాబు "జనించినవాడే కాని సృష్టింపబడినవాడు కాడు" అని. దీని వెనకున్న తర్కాన్ని ఒక కుమ్మరి ఇంట్లో చూడొచ్చు. కుమ్మరి కుండను చేస్తాడు, కొడుకును కంటాడు. కుండ ఎంత అందంగా ఉన్నా కుమ్మరి జాతి కాదు, మట్టి జాతి. కొడుకు మాత్రం తండ్రి ఏదో అదే. కుమారుడు "చేయబడినవాడు" అయితే సృష్టి పక్షాన నిలబడతాడు. "జనించినవాడు" అయితే తండ్రి పక్షాన ఉంటాడు. గ్రీకులో "జనించిన", "చేయబడిన" అనే అర్థాలున్న రెండు మాటలు "గెన్నేతోస్", "గెనేతోస్" ఒక్క "న" వత్తు తేడాతో ఉండటం వల్ల అంతకుముందు చాలామంది రెంటినీ కలిపేసి రాసేవారు.

అయినా ఆరియస్ ప్రశ్న మిగులుతుంది: తండ్రి కొడుకు కంటే ముందు పుట్టి ఉండాలి కదా? నీకయ పక్షాన నిలబడిన అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ దీన్ని తిప్పికొట్టిన తీరు గమనించదగ్గది. మనిషి కొడుకు కంటే ముందే పుడతాడు కానీ "తండ్రి" అయ్యేది బిడ్డ కలిగాకే. దేవుడు ఎప్పుడూ తండ్రే అయితే కుమారుడూ ఎప్పుడూ ఉండాలి. కుమారుడు లేని కాలం ఉంటే దేవుడు తండ్రి కాని కాలం కూడా ఉన్నట్టే. దీపం, దాని వెలుగు అనే పోలిక ఇక్కడ వాడతారు. వెలుగు దీపం నుంచే వస్తుంది, దీపం తరవాత రాదు.

ఆరియస్‌ను తోసిపుచ్చడానికి సభ ఎంచుకున్న మాట "హోమోఊసియోస్", అంటే తండ్రితో ఒకే తత్త్వం గలవాడు. ఒక్క అక్షరం కోసం సంఘం చీలిందని ఎగతాళిగా చెప్పే కథ 325 నాటిది కాదు. "హోమోయిఊసియోస్", అంటే పోలిన తత్త్వం గలవాడు అన్న మాట 350ల చివర్లో మధ్యేమార్గంగా ముందుకొచ్చింది. ఆ అక్షరం "అదే"కీ "అలాంటిదే"కీ మధ్య ఉన్న గీత. తాకట్టు పెట్టిన గొలుసు విడిపించుకోవడానికి వెళ్తే "అలాంటిదే" ఇంకొకటి చేతిలో పెడితే ఊరుకుంటామా?

సభతో గొడవ ముగిసిందనుకోవడమూ పొరపాటే. తరవాతి చక్రవర్తులు మాటిమాటికీ పక్షం మార్చారు. అథనాసియస్ 5 సార్లు ప్రవాసం పోయాడు. పరిశుద్ధాత్మ గురించి నీకయ ప్రమాణంలో ఉన్నది "పరిశుద్ధాత్మను కూడా నమ్ముచున్నాము" అన్నంత మాత్రమే. "తండ్రితోను కుమారునితోను కూడ ఆరాధింపబడువాడు" అన్న భాగం 381 నాటి కాన్‌స్టాంటినోపుల్ సభకు చెందినది. ఇప్పుడు చర్చిల్లో నీకయ ప్రమాణం పేరుతో చదివేది నిజానికి ఆ రెండో పాఠమే. తెలుగు వ్యాకరణం ప్రకారం "ఆత్మ" అంటే "అది" అనాలి. మన బైబిల్ యోహాను 16:13లో "ఆయన, అనగా సత్యస్వరూపియైన ఆత్మ" అంటుంది. అనువాదకులు ఏ పక్షమో ఆ సర్వనామమే చెబుతుంది.

ఒకే మాట, రెండు అర్థాలు

"ఏమిటి"కి గ్రీకులో "ఊసియా" (తత్త్వం, సారం), "ఎవరు"కి "హైపోస్టాసిస్" అని స్థిరపడింది. స్థిరపడటానికి అర్ధ శతాబ్దం పట్టింది. నీకయ ప్రమాణం చివర్లో ఉన్న శాపవాక్యం ఈ రెండింటినీ ఒకే అర్థంలో వాడింది. అందుకే ఒకరు "మూడు హైపోస్టాసిస్‌లు" అంటే అవతలివాళ్లకు "ముగ్గురు దేవుళ్లు" అని వినిపించింది. వాళ్లు "ఒకే హైపోస్టాసిస్" అంటే వీళ్లకు సబెల్లియస్ వినిపించాడు. 362లో అలెగ్జాండ్రియాలో జరిగిన సమావేశంలో అథనాసియస్ చేసింది చాలా సాదా పని. రెండు పక్షాలనూ కూర్చోబెట్టి, ఆ మాటకు మీరు పెట్టుకున్న అర్థమేమిటని అడిగాడు. ఇద్దరూ చెబుతున్నది ఒకటేనని తేలింది. తరవాత కైసరియ బిషప్పు బాసిల్, అతని తమ్ముడు నిస్సా గ్రెగొరీ, స్నేహితుడు నాజియాంజస్ గ్రెగొరీ ఆ వాడుకను ఖాయం చేశారు.

ఈ తికమక ఆనవాలు తెలుగు బైబిల్లోనూ దొరుకుతుంది. హెబ్రీయులకు 1:3లో "ఆయన తత్వముయొక్క మూర్తిమంతము" అన్న చోట "తత్వము"కు మూలంలో ఉన్నది "హైపోస్టాసిస్". అదే పత్రిక 11:1లో అదే మాటను "నిజస్వరూపము" అన్నారు. రెండు చోట్లా అనువాదం సరైనదే. మొదటి శతాబ్దంలో ఆ మాటకు "వ్యక్తి" అనే అర్థం ఇంకా రాలేదు.

"వ్యక్తి" అనే మన మాటతో ఇంకో తంటా ఉంది. ఈ రోజు వ్యక్తి అంటే సొంత మనసు, సొంత ఇష్టాయిష్టాలు, విడి జీవితం ఉన్నవాడు. నాలుగో శతాబ్దపు గ్రీకులో అంత బరువు లేదు. అందుకే "ముగ్గురు వ్యక్తులు" అనగానే ఒక బల్ల చుట్టూ కూర్చున్న ముగ్గురు మనుషులు కళ్లకు కడతారు. "ముగ్గురు ఏమిటి?" అని అడిగితే మనిషి మాట చాలదని, ఏమీ అనకుండా ఉండలేక "వ్యక్తులు" అంటున్నామని లాటిన్ వేదాంతి అగస్టీన్ కూడా ఒప్పుకున్నాడు.

తాటికాయ, నీళ్లు, నాన్న

ప్రసంగాల్లో వినిపించే ఉపమానాలు ఎక్కడ తెగుతాయో చూస్తే సిద్ధాంతం హద్దులు తెలుస్తాయి. నీరు, మంచు, ఆవిరి: అదే నీళ్లు ఒకసారికి ఒక రూపమే తీసుకుంటాయి, ఇది సబెల్లియస్. ఒకే మనిషి కొడుకుకు నాన్న, భార్యకు భర్త, ఆఫీసులో మేనేజరు: ఇదీ అదే. ఆ నాన్న ఆ మేనేజరుకు ఫోన్ చేసి మాట్లాడలేడు. ఒక తాటికాయలో మూడు ముంజెలు అందామా? ఏ ముంజె పూర్తి కాయ కాదు, మూడో వంతు. సిద్ధాంతం తండ్రిని మూడో వంతు దేవుడు అనదు. ముగ్గురిలో ప్రతి ఒక్కరూ పూర్తి దేవుడే అంటుంది. త్రిమూర్తుల పోలిక కూడా నిలవదు. అక్కడ సృష్టి, స్థితి, లయ అని పనుల పంపకం ఉంది. ఇక్కడ సృష్టి ముగ్గురిదీ, రక్షణ ముగ్గురిదీ.

"ముగ్గురు డాక్టర్లు" అనే గట్టి ఆక్షేపణ

సీత డాక్టరు, లక్ష్మి డాక్టరు. అంతమాత్రాన సీతే లక్ష్మి కాదు. "తండ్రి దేవుడు, కుమారుడు దేవుడు" అన్నప్పుడూ అంతే. "తండ్రే దేవుడు, ఇంకెవరూ కాదు" అనే ఆ దీర్ఘం పడితేనే వైరుధ్యం. కానీ ఈ జవాబుతో ఒక గుంట దాటి ఇంకో గుంటలో పడతాం. సీత, లక్ష్మి, ఫాతిమా కలిస్తే ముగ్గురు డాక్టర్లు. మరి ముగ్గురు దేవుళ్లు ఎందుకు కారు?

నిస్సా గ్రెగొరీ అబ్లాబియస్ అనే అతనికి రాసిన ఉత్తరమంతా ఈ ప్రశ్న గురించే. అతని మొదటి జవాబు, మానవత్వం ఒకటే కాబట్టి "ముగ్గురు మనుషులు" అనడమే నిజానికి తప్పు వాడుక అని. ఇది నాకు సాగదీత లాగే కనిపిస్తుంది. రెండో జవాబులో సత్తువ ఉంది. ముగ్గురు డాక్టర్లు మూడు గదుల్లో మూడు ఆపరేషన్లు చేయగలరు. ఒకరు సెలవు పెట్టినా మిగతావాళ్ల పని నడుస్తుంది. తండ్రి, కుమారుడు, ఆత్మలకు మూడు పనులు లేవు. ఉన్నది ఒకే పని, తండ్రి నుంచి మొదలై, కుమారుని ద్వారా సాగి, ఆత్మలో పూర్తయ్యేది. పనిని విడదీయలేనప్పుడు పనిచేసేవాళ్లను బహువచనంలో లెక్కపెట్టడం కుదరదన్నది అతని వాదన. ఇది చాలదని, ముగ్గురు చేతులు కలిపి ఒకే పని చేసినా ముగ్గురే అని నేటి తత్త్వవేత్తల్లో కొందరంటారు. ఆ చర్చ సాగుతూనే ఉంది.

నరావతారంలో లెక్క తిరగబడుతుంది

"ఆ వాక్యము శరీరధారియై" అని యోహాను 1:14. త్రిత్వంలో "ఎవరు" ముగ్గురు, "ఏమిటి" ఒకటి. యేసు దగ్గర "ఎవరు" ఒకరే, "ఏమిటి" రెండు: దైవత్వం, మానవత్వం.

"అవతారం" అనే మాట తెలుగు చెవికి దశావతారాలనే గుర్తు చేస్తుంది. క్రైస్తవ సిద్ధాంతంలో ఇది ఒక్కసారే జరిగింది, మానవత్వాన్ని తీసి పక్కన పెట్టడం లేదు, పునరుత్థానం తరవాత కూడా ఆయన మనిషే. అవతార దేహం ప్రకృతితో కాక శుద్ధసత్త్వంతో అయినదని రామానుజ సంప్రదాయం చెబుతుంది. ఇక్కడ దానికి ఎదురు: మనలాంటి ఆకలి, మనలాంటి నెత్తురు కాకపోతే అర్థమే లేదంటారు.

ఇక్కడా సులువు చేసిన దారులున్నాయి. నాలుగో శతాబ్దపు బిషప్పు అపొల్లినారిస్ అన్నాడు: శరీరం మనిషిది, లోపలి బుద్ధి మాత్రం వాక్యానిది. నాజియాంజస్ గ్రెగొరీ జవాబు, ఆయన ధరించనిది బాగుపడదు అని. మనిషిలో చెడింది బుద్ధి కూడా అయితే బుద్ధిని వదిలేసి ఏం లాభం? కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్ మరియను "థియోటోకోస్" (దేవుని కన్నది) అనడానికి జంకాడు. అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్ పట్టుకున్న పాయింటు ఇది: తల్లి కనేది స్వభావాన్ని కాదు, ఒక వ్యక్తిని. పుట్టిన ఆ "ఎవరు" దేవుని కుమారుడైతే ఆమె దేవమాతే. 431లో ఎఫెసు సభ సిరిల్ పక్షం తీసుకుంది. తెలుగు కతోలికులు మరియమ్మను దేవమాత అనేది అందుకే. కాన్‌స్టాంటినోపుల్ సన్యాసి యూతికెస్ రెండు స్వభావాలూ కలిసి ఒకటైపోయాయన్నాడు. 451లో కాల్సెడాన్ సభ నాలుగు మాటలతో కంచె వేసింది: కలగలిసిపోకుండా, మారిపోకుండా, చీలిపోకుండా, విడిపోకుండా. నాలుగూ "కుండా"లే. ఎలా కలిశాయో చెప్పలేదు, ఎలా కాదో మాత్రం చెప్పింది.

"దేవుడు చనిపోయాడా?" అనే ప్రశ్నకు ఈ పద్ధతిలో జవాబు చూద్దాం. ముల్లు గుచ్చుకునేది కాలికి, కానీ "ఆయన కుంటుతున్నాడు" అంటాం, "కాలు కుంటుతోంది" అని సరిపెట్టం. పని స్వభావం ద్వారా జరుగుతుంది, పేరు వ్యక్తికి పడుతుంది. చనిపోయింది కుమారుడే, మానవత్వంలో. దైవత్వం చావలేదు, తండ్రి సిలువ ఎక్కలేదు.

ఇష్టం ఎవరి లెక్కలోకి వస్తుంది?

"నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అని గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన. ఇష్టం అనేది "ఎవరు"కి చెందితే దేవునిలో మూడు ఇష్టాలు, క్రీస్తులో ఒకటి. "ఏమిటి"కి చెందితే దేవునిలో ఒకటి, క్రీస్తులో రెండు. ఏడో శతాబ్దంలో చక్రవర్తులు కాల్సెడాన్‌ను ఒప్పుకోనివాళ్లతో రాజీ కోసం "క్రీస్తులో ఒకే ఇష్టం" అనమన్నారు. ఒప్పుకోని సన్యాసి మాక్సిమస్‌కు నాలుక, కుడి చెయ్యి నరికి ప్రవాసం పంపారు, 662లో చనిపోయాడు. 680-81లో మూడో కాన్‌స్టాంటినోపుల్ సభ అతని వాదమే సరైనదంది: క్రీస్తులో రెండు ఇష్టాలు, మానవ ఇష్టం దైవ ఇష్టానికి లోబడుతుంది. ముగ్గురు దేవుళ్లనే ఆరోపణకు సంప్రదాయ సిద్ధాంతం చెప్పే గట్టి జవాబు ఇక్కడుంది. ముగ్గురికీ ఉన్నది ఒకే ఇష్టం, మూడు ఇష్టాలు రాజీపడటం కాదు. "సామాజిక త్రిత్వం" అనే ఆధునిక ధోరణి ముగ్గురికీ మూడు మనసులున్నట్టు మాట్లాడటాన్ని పాత పద్ధతివాళ్లు తప్పుపట్టేది కూడా అందుకే.

ఇంకా కుదురుగా కూర్చోని వచనం మార్కు 13:32. ఆ దినం, ఆ గడియ "కుమారుడైనను" ఎరుగడని యేసే అంటాడు. మానవ బుద్ధితో తెలియదు, దైవ జ్ఞానంతో తెలుసు అని అథనాసియస్ నుంచి వస్తున్న జవాబు. ఒకే మనిషికి ఒక విషయం తెలిసీ తెలియకపోవడం ఎలాగో ఆ జవాబు చూపదు. ఫిలిప్పీయులకు 2:7లోని "తన్ను తానే రిక్తునిగా చేసికొనెను" అనే మాట పట్టుకుని 19వ శతాబ్దంలో థొమాసియస్ వంటి జర్మన్ లూథరన్లు, కొన్ని దైవ శక్తులను ఆయన వదులుకున్నాడన్నారు. వదులుకుంటే పూర్తి దేవుడెలా అని వెంటనే ఎదురు ప్రశ్న వచ్చింది.

ఒప్పుకోనివాళ్లు ఎక్కడ నిలబడతారు

యెహోవా సాక్షులది ఆరియస్‌కు దగ్గరి వైఖరి. "యేసు నామమున" మాత్రమే బాప్తిస్మమిచ్చే ఏకత్వ పెంతెకొస్తులు అపొస్తలుల కార్యములు 2:38ను చూపుతారు. వాళ్ల లెక్కలో "ఎవరు" కూడా ఒకరే. ఖురాన్ 4:171, 5:73 "ముగ్గురు" అనొద్దంటాయి. ఇస్లాం దృష్టిలో లోపం లెక్కలో లేదు, సృష్టికర్తకు, సృష్టికి మధ్య గీత చెరపడంలో ఉంది. యూదుల ఆక్షేపణా ఇంచుమించు అదే. త్రిత్వవాదులు బయటివాళ్ల నుంచి కాపాడుకోవాల్సిన ఆధారాల్లో ఒకటి తామే వదులుకున్నారు. 1 యోహాను 5:7లో పరలోకంలో సాక్ష్యమిచ్చే ముగ్గురి గురించిన వాక్యం పాత గ్రీకు ప్రతుల్లో లేదు. ఎరాస్మస్ 1516, 1519 ముద్రణల్లో వేయకుండా, 1522లో చేర్చాడు. మన తెలుగు బైబిల్లో ఆ చోట ఆత్మ, నీళ్లు, రక్తం మాత్రమే ఉన్నాయి.

కాల్సెడాన్‌ను ఒప్పుకోని క్రైస్తవులు మనకు దూరంలో లేరు. కేరళలోని మలంకర ఆర్థొడాక్స్, యాకోబీయ సంఘాలు క్రీస్తులో "ఐక్యమైన ఒకే స్వభావం" అంటాయి. త్రిశూర్‌లోని కల్దాయ సిరియన్ చర్చి ఎఫెసు సభను కూడా అంగీకరించని తూర్పు సంఘానికి చెందింది. 1973లో పోప్ 6వ పాల్, కాప్టిక్ పోప్ 3వ షెనౌదా, 1994లో పోప్ 2వ జాన్ పాల్, తూర్పు సంఘం పేట్రియార్క్ 4వ మార్ దిన్ఖా ఉమ్మడి ప్రకటనల మీద సంతకాలు చేశారు. క్రీస్తు పూర్తి దేవుడు, పూర్తి మనిషి అన్న విషయంలో తేడా లేదని అవి చెబుతాయి. 362లో అలెగ్జాండ్రియాలో ఒక్క సమావేశంలో తేలిన సంగతి లాంటిదే ఇక్కడ తేలడానికి 1500 ఏళ్లు పట్టింది.